గవర్నరు గారికి కప్పిన శాలువా

కెనడా వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ నయాగరా గురించి రాస్తారు. నేనూ చూశాను. నీళ్ళు పైనుంచి కిందికే పడుతున్నాయి. రెయిన్‌కోటు వేసుకుని మరీ తడిశాను. దాని సంగతి అంతటితో వదిలేస్తాను, ఎందుకంటే నేను అంత దూరం వెళ్ళింది ఒక మనిషిని ఒకే ఒక్క ప్రశ్న అడగడానికి.

ఆయన యూరప్‌లో ఒక చిన్న దేశపు పెద్దమనిషి. పేరు మన నోరు తిరిగేది కాదు కాబట్టి మా ఇంట్లో ఆయన్ని గవర్నరు గారు అనే అంటాం. తండ్రి రైళ్ళలో టికెట్లు చూసేవాడు. ఈయన ఆ దేశపు కేంద్ర బ్యాంకులో, అంటే మన రిజర్వు బ్యాంకు లాంటి దాంట్లో, చిరిగిన నోట్లు ఏరే విభాగంలో గుమాస్తాగా చేరి, చివరికి దానికే గవర్నరయ్యాడు. ఎన్నికలొస్తున్నాయి, కాస్త నోట్లు అచ్చు వేద్దామని వచ్చిన ప్రతి ఆర్థిక మంత్రినీ కాదని వెనక్కి పంపాడు. తిట్టారు, బెదిరించారు, కార్టూన్లు వేశారు. ఆయన మాత్రం కాదంటే కాదనే అన్నాడు. ఆ తర్వాత ప్రభుత్వం కూలిపోతే, తిట్టినవాళ్ళే వచ్చి ఆయన్ని ప్రధానమంత్రిని చేశారు. ఏడాదిలో దేశాన్ని ఒక దారికి తెచ్చాడు. అందరూ ఉండమని బతిమాలుతుండగా, ఒక ఉదయం రెండు ముక్కల్లో రాజీనామా రాసిచ్చి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

ఎందుకు వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదు. కాకినాడలో ఎకనామిక్స్ పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఆయన కథ క్లాసులో చెప్పాను. రిటైరయ్యాక తెలుగులో ఆయన జీవితం రాశాను. రాసి, చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయాను. అనారోగ్యమని రాసేయండి మేడమ్, ఎవరు చూడొచ్చారు అన్నాడు పబ్లిషరు. మనిషి ఎందుకు వెళ్ళిపోయాడో తెలియకుండా మనిషి గురించి ఏం రాస్తాం? పుస్తకం అలా బల్ల మీద పడి ఉన్న రోజుల్లో, కెనడాలో టొరంటో పక్కన ఎటోబికోలో చదువుతున్న నా పాత విద్యార్థిని ప్రసన్న ఒక పోస్టరు ఫొటో పంపింది. గవర్నరు గారు అక్కడికి దగ్గర్లోనే వాటర్లూ అనే ఊళ్ళో ఉపన్యాసం ఇస్తున్నారు. ఎవరైనా రావచ్చు. నేను వీసాకి అప్లై చేశాను.

రిచ్‌మండ్ హిల్: శాలువాల సూట్‌కేసు

మొదటి మజిలీ మా బాబాయి కొడుకు భాస్కర్ ఇల్లు. వాడు డాలస్‌లో పదేళ్ళు సాఫ్ట్‌వేర్ చేసి, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి విసిగి, కెనడా వచ్చి పడ్డాడు. ఇక్కడ వాడు ఒక తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. ఊళ్ళో ఇంకా రెండు తెలుగు సంఘాలున్నాయట, వాటి గురించి వాళ్ళింట్లో మాట్లాడకూడదు.

టొరంటో శివారులోని ఈ రిచ్‌మండ్ హిల్‌లో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి రోజు సాయంత్రం నడకకు వెళ్ళి, పక్కింటి తలుపు తాళంచెవితో తిప్పుతూ నిలబడ్డాను. లోపలినుంచి ఒక చైనా పెద్దావిడ తలుపు తీసి, తప్పు తనదైనట్టు నాకు సారీ చెప్పింది. ఈ దేశంలో మనం వాళ్ళ కాలు తొక్కినా వాళ్ళే సారీ అంటారు. మా ఊరి బస్సులో అయితే ఆ కాలికి మూడు తరాల చరిత్ర వినాల్సి వచ్చేది. భాస్కర్ భార్య రమణి నన్ను వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్ళింది. ఆ రాత్రి ఫ్రీజరు గోంగూరతో పచ్చడి చేసింది. బావుంది గానీ, గుప్పెడు కరివేపాకు రెండు డాలర్లని చెప్పాక నా కంచంలో కరివేపాకు తీసి పక్కన పెట్టడానికి చెయ్యి రాలేదు. నమిలి మింగేశాను.

భోజనాలయ్యాక భాస్కర్ మెట్ల కింద అరలోంచి ఒక సూట్‌కేసు లాగాడు. నిండా శాలువాలు. హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా కోఠీలో డజన్ల లెక్కన కొనుక్కొస్తాడట. టొరంటో వైపు ఏ సినిమా నటుడొచ్చినా, అవధాని వచ్చినా, ఎవరి మావగారైనా తహశీల్దారుగా రిటైరై వచ్చినా, వాళ్ళ భుజాల మీదికి ఈ సూట్‌కేసులోంచి ఒకటి వెళుతుంది. గవర్నరు గారికి కూడా సన్మానం చేద్దామని, వాటర్లూ వాళ్ళకి రాసి ఉపన్యాసం తర్వాత రెండు నిమిషాలు పర్మిషన్ సంపాదించానని వాడు చెప్పాడు. కేంద్ర బ్యాంకు మనుషులు పూలగుత్తి కూడా తీసుకోరురా, పైగా నేను ప్రశ్న అడగాలి, ఇది చెడగొట్టకు అన్నాను.

"అక్కా, సన్మానం వద్దన్న మనిషిని నేనింతవరకు చూళ్ళేదు" అన్నాడు.

వాళ్ళమ్మాయికి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. అంతా విని, "ఈజ్ హీ రియల్లీ ఫేమస్, ఆర్ జస్ట్ డాడ్ ఫేమస్?" అని అడిగింది. రమణి నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎటోబికో: తాలింపు

తర్వాత రెండు రోజులు ప్రసన్న దగ్గర. ఒక పంజాబీ ఆంటీ ఇంటి కింద, సగం నేలలో ఉన్న బేస్‌మెంట్‌లో అయిదుగురు ఆడపిల్లలు ఉంటారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా గడ్డి, నడిచేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి. ఎయిర్‌పోర్టు దగ్గర కావడంతో విమానం దిగినప్పుడల్లా గిన్నెల స్టాండు గలగలమంటుంది. పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, అది వెళ్ళాక అదే వాక్యం మధ్యలోంచి అందుకుంటారు.

అది మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న కాలం. పొద్దున్నే బస్సెక్కితే కరీంనగర్, నెల్లూరు, కర్నూలు అన్నీ ఒకే బస్సులో ఉన్నాయి. ఒక షాపు బయట నలభై మంది రెజ్యూమెలు పట్టుకుని నిలబడి ఉంటే, ఏదో గుడిలో ప్రసాదం పంచుతున్నారనుకుని నేనూ వెళ్ళి వరసలో నిలబడ్డాను. ముందున్న కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, ఆంటీ మీరు కూడా పార్ట్‌టైమ్‌కేనా అని అడిగాడు. రెండే ఖాళీలట. ఆ వరసలో సగం మంది మొహాల్లో నిద్ర లేదు. నవ్వుకుంటూ వెళ్ళిన నాకు తిరిగొచ్చేటప్పుడు నవ్వు రాలేదు.

ప్రసన్న కాలేజీలో బిజినెస్ కోర్సు చదువుతూ, మిగతా వేళల్లో ఒక గిడ్డంగిలో డబ్బాలకి టేపు అంటిస్తుంది. నా దగ్గర చదివినప్పుడు ఆమెను మించిన విద్యార్థి లేదు. నేను దగ్గితే అది కూడా నోట్సులో రాసుకునేది. మూడేళ్ళలో ఒక్క ప్రశ్న అడగలేదు. ఏం చెప్పినా సరే మేడమ్ అనేది. నాకు అదే గొప్పగా ఉండేది, దాచుకోవడం దేనికి.

పిల్లలకి పులిహోర చేసి పెడదామని ఆవాలు, మిరపకాయలు నూనెలో వేశాను. మన ఇళ్ళల్లో ఆ పొగకి తుమ్ముతారు. ఇక్కడ పైకప్పు కేకలు పెట్టింది. పొగ అలారం మోగుతుంటే ఒకమ్మాయి తువ్వాలు విసురుతోంది, ఒకమ్మాయి కుర్చీ ఎక్కింది, నేను గరిటె పట్టుకుని దోషిలా నిలబడ్డాను. పంజాబీ ఆంటీ చీపురు కర్రతో దిగొచ్చి, అలవాటైన పనిలాగా అలారం మీట ఒక్క పోటు పొడిచి నోరు మూయించింది. పోట్లాడుతుందనుకున్నాను. వాసన చూసి, కూర్చుని, రెండుసార్లు వడ్డించుకుంది.

తింటుండగా నేను ప్రసన్నతో అసలు విషయం కదిపాను. కాకినాడలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు ఉంది, కరస్పాండెంటు నా మాట కాదనడు, వచ్చెయ్యమన్నాను. ఎప్పటిలాగే సరే మేడమ్ అంది. నాకు తృప్తిగా అనిపించింది. పక్కన కూర్చున్న కరీంనగర్ అమ్మాయి మౌనిక మాత్రం కంచంలోంచి తల ఎత్తి నన్ను చూసింది.

"మేడమ్, గీమె దేనికైనా సరే అంటది. మేనేజర్ ఇంకో నాలుగు గంటలు ఉండమన్నా సరే, ఇంకొకళ్ళ క్లీనింగ్ వంతు చెయ్యమన్నా సరే. గా సరేను మీరు నమ్ముకోకున్రి" అంది.

ప్రసన్న నవ్వేసింది. నేను మౌనికకి ఇంకో గరిటె పులిహోర వడ్డించాను.

దారిలో: లామినేషన్ అయిపోయింది

ఉపన్యాసం రోజు భాస్కర్ కారులో ముగ్గురం బయల్దేరాం. వాడు డ్రైవింగు, పక్కన నేను, వెనక ప్రసన్న. దారి పొడుగునా చెట్లు ఎర్రగా, పసుపుగా మండిపోతున్నాయి. అక్టోబరులో ఆ రంగులు చూస్తే, చెట్లకి రాలిపోయే ముందు ముస్తాబయ్యే సరదా ఉందనిపిస్తుంది. మధ్యలో కాఫీకి ఆగాం. ఇక్కడ డబుల్ డబుల్ అంటే రెండు చెంచాల చక్కెర, రెండు వంతుల మీగడ. పేరు విని కాఫీ కూడా రెట్టింపు ఇస్తారనుకున్నాను. మూత మీద చిల్లు చూసుకోకుండా ఎత్తేసరికి నాలుక కాలి, సగం దారి మాట్లాడలేకపోయాను. భాస్కర్‌కి అది కలిసొచ్చింది.

వాడు సన్మాన పత్రం పాఠం పెట్టాడు. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. అందులో గవర్నరు గారిని లక్ష్మీదేవి గుమ్మం కాపలాదారు అన్నాడు, ద్రవ్యోల్బణ సంహారి అన్నాడు, చివర్లో ఆర్థిక భీష్మ అని బిరుదు ఇచ్చాడు. నాలుక మంటని కూడా మరిచిపోయాను. ఒరేయ్, భీష్ముడు తప్పు జరుగుతోందని తెలిసి కూడా కొలువు వదలనివాడు, ఈయన కొలువు వదిలి వెళ్ళినవాడు, బిరుదు సరిగ్గా తలకిందులుగా ఉంది అన్నాను.

"అక్కా, లామినేషన్ అయిపోయింది" అన్నాడు భాస్కర్.

వాడు శాలువా సంచీ వెనక్కి అందించి, ధర స్టిక్కరు ఉంటే తీసెయ్యమ్మా అని ప్రసన్నకి చెప్పాడు. సరే అంకుల్ అని ఆ పిల్ల గోటితో గీకుతూ కూర్చుంది. ఆ స్టిక్కరు గట్టిగా అతుక్కున్నట్టుంది, వాటర్లూ వచ్చేదాకా గీకుతూనే ఉంది.

వాటర్లూ: సాయంత్రం చిన్నది

వాటర్లూలో రోడ్డు మధ్యలో చిన్న రైలు గంట కొట్టుకుంటూ వెళుతుంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ బ్యాగులు తగిలించుకున్న పిల్లలే. ఊరంతా ఒకటే కాలేజీ ఆవరణలా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

గవర్నరు గారు నేను ఊహించుకున్నంత పొడుగు లేరు. వయసు మీద పడింది. తన గొడుగు తనే పట్టుకుని వచ్చి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఉపన్యాసమంతా బల్లకి ఆనించుకున్నారు. ధరలు, డబ్బు, ప్రజల నమ్మకం గురించి మాట్లాడారు. నేను క్లాసులో చెప్పిన సంగతులే ఆయన నోట వింటుంటే, ఇన్నేళ్ళు ఉత్తరాలు రాసుకున్న మనిషి గొంతు మొదటిసారి విన్నట్టుంది.

ప్రశ్నల వేళ మైకు నా దగ్గరికి వచ్చింది. లేచి నిలబడ్డాను. అందరూ ఉండమన్నప్పుడు మీరు ప్రధాని పదవి ఎందుకు వదిలేశారు అని అడిగాను. ఆయన నావైపు మర్యాదగా చూశారు.

"అది పెద్ద కథ. ఈ సాయంత్రం చిన్నది" అన్నారు ఇంగ్లీషులో.

హాలంతా నవ్వింది. మైకు ఇంకొకరి దగ్గరికి పోయింది. నేను కూర్చున్నాను. అప్పు చేసి రాకపోయినా, ఇంత దూరం ఈ ఒక్క మాటకా వచ్చింది అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుస్తకం ఇక అనారోగ్యంతోనే ముగుస్తుందని అనుకున్నాను.

హాలు బయట వసారాలో టీలు ఇస్తున్న చోట భాస్కర్ తన రెండు నిమిషాలూ వాడుకున్నాడు. పత్రం చదివాడు. ఆర్థిక భీష్మ అన్నప్పుడు గవర్నరు గారు అర్థం కాకపోయినా తల వంచారు. తర్వాత వాడు శాలువా విప్పి, ఫొటో కోసం కాస్త ఆగి, భుజాల మీద కప్పాడు. ఆయన దాన్ని తడిమి చూసుకున్నారు. సంతోషించినట్టే కనిపించారు. అప్పుడు, మా బ్యాంకులో పాత నియమం ఒకటుంది, చిన్న వస్తువైతేనే ఉంచుకుంటాం, విలువైనదైతే తిరిగి ఇచ్చేస్తాం, నేనింకా అది పాటిస్తాను, దీని ఖరీదెంత అని అడిగారు.

ఇక్కడ మన జాతి మొత్తం చేసే తప్పు భాస్కర్ ఒక్కడూ చేశాడు. ఇచ్చిన వస్తువు ఖరీదు అడిగితే తగ్గించి చెప్పడం మనకి చేతకాదు. అచ్చమైన పష్మీనా, అయిదు వందల డాలర్లు అన్నాడు.

గవర్నరు గారి మొహం చిన్నబోయింది. క్షమించండి అంటూ శాలువా తీసి మడవడం మొదలుపెట్టారు. భాస్కర్ చేతులు గాల్లో అలాగే ఉన్నాయి. సభ నిర్వాహకురాలు గడియారం చూసుకుంది.

"కాదు అంకుల్" అంది ప్రసన్న.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. కానీ ఆగలేదు.

"అది మూడొందల యాభై రూపాయలది. స్టిక్కరు నేనే తీశాను కదా" అంది తెలుగులో. ఆ తర్వాత గవర్నరు గారివైపు తిరిగి, సర్, దీని ఖరీదు ఆరు డాలర్లు కూడా ఉండదు, మీరు ఉంచుకోవచ్చు అని ఇంగ్లీషులో చెప్పింది. చూపుడు వేలు చూపించింది. గోటికి స్టిక్కరు జిగురు ఇంకా అంటుకునే ఉంది.

గవర్నరు గారు నవ్వారు. ఆ వయసు మనిషి అంత గట్టిగా నవ్వడం నేనెక్కడా చూడలేదు. శాలువా మళ్ళీ కప్పుకుని, పక్కనున్న కుర్చీలో కూర్చుని, ఈ అమ్మాయి మీ సంఘంలో పనిచేస్తుందా అని భాస్కర్‌ని అడిగారు. వాడు నావైపు చూశాడు. నా విద్యార్థిని అని నేనే చెప్పాను. అయితే మీరు అదృష్టవంతులు అని, కాసేపు నా మొహం చూసి, ఆ ప్రశ్న అడిగింది మీరే కదా అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు తోచిన తెలుగులో రాస్తున్నాను.

"ప్రధాని అయ్యాక నా పాత కుర్చీలో నా శిష్యుణ్ణి కూర్చోబెట్టాను. ఒక రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టాను. నేనే గవర్నరుగా ఉండుంటే ఆ కాగితాన్ని ఆపేవాణ్ణి. ఆ సాయంత్రం ఫోన్ దగ్గర కూర్చున్నాను, ఇది కాదు అని అతను చెబుతాడని. ఫోన్ మోగలేదు. మర్నాడు అడిగితే, మీరు సంతకం పెట్టారు కదా, సరే అనుకున్నాను అన్నాడు. నేను ఆ పదవిలో ఉన్నంతకాలం అతని నోట కాదనే మాట రాదు. కాదనేవాడు లేని బ్యాంకు బ్యాంకు కాదు. కాగితం వెనక్కి తీసుకుని రాజీనామా రాశాను."

ఆ తర్వాత ఆ శిష్యుడు ఏమయ్యాడని అడిగాను. కొత్త ప్రధానిని వారం తిరక్కుండా కాదన్నాడు అని, కొడుకుకి ఫస్టు క్లాసు వచ్చినట్టు చెప్పారు. ఇది రాయవచ్చా అంటే, తెలుగులోనే కదా, మా ఊళ్ళో ఎవరూ చదవలేరు, రాయండి అన్నారు. గొడుగు అక్కడే మరిచిపోయి, శాలువా మెడకి చుట్టుకుని చలిలోకి వెళ్ళారు. గొడుగు పట్టుకుని భాస్కర్ వెనకాల పరిగెత్తాడు.

తిరుగు దారి

కారు సగం దారి దాటాక భాస్కరే, చూడ్డానికి పష్మీనా లాగే ఉంటుంది కదక్కా అన్నాడు. ప్రసన్న సారీ అంకుల్ అంది. వాడు అద్దంలోంచి ఆమెను చూసి, సారీ ఎందుకమ్మా, వచ్చే ఏడాది మా సంఘానికి ట్రెజరర్‌వి నువ్వే అన్నాడు. ఇప్పుడున్నవాడు కూడా కాదనడట, అదే ఇబ్బందట. ముగ్గురం నవ్వుకున్నాం.

ఎటోబికోలో దింపేటప్పుడు, కాకినాడ ఉద్యోగం సంగతి కరస్పాండెంటుకి చెప్పేస్తున్నాను మరి అన్నాను. ప్రసన్న కారు తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, సరే మేడమ్ అంది. ఎన్నో ఏళ్ళుగా నాకు తీయగా వినిపించిన మాట, ఆ రాత్రి అంత తీయగా వినిపించలేదు.

కాకినాడ

ఇంటికి రాగానే చివరి అధ్యాయం రాసేశాను. ఒక్క ఊపులో వచ్చింది, నాకు చాలా నచ్చింది. ప్రసన్నకి పంపాను. చాలా బావుంది మేడమ్ అని వెంటనే జవాబు వచ్చింది, చేతులు జోడించిన బొమ్మతో సహా. పంపిన పది నిమిషాల్లో అంత అధ్యాయం ఎవరు చదవగలరు? ఆ సాయంత్రం ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నా వయసుకి ఇదేం పని అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఫోను మోగలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోంచేస్తుంటే మోగింది. అక్కడ ఇంకా తెల్లారలేదు, షిఫ్టుకి వెళుతూ బస్‌స్టాపులో నిలబడి చేసింది. గాలి హోరు వినిపిస్తోంది.

"మేడమ్, నిన్న చదవకుండానే బావుందని పెట్టేశాను. రాత్రి చదివాను. అలా కాదు మేడమ్. ఆయన తప్పు కాగితం మీద సంతకం పెట్టానని తనే చెప్పారు కదా. మీరు అది తీసేశారు. శిష్యుడిదే తప్పన్నట్టు రాశారు. చదువుతుంటే భాస్కర్ అంకుల్ పత్రంలాగే ఉంది."

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఇంకోటి మేడమ్. ఆ లెక్చరర్ జాబ్ నాకొద్దు. ఇక్కడ కష్టంగానే ఉంది, కానీ కోర్సు పూర్తి చేసి చూసుకుంటాను. మీరు కరస్పాండెంటు గారికి చెప్పేశారా?"

చెప్పేశానన్నాను. అయితే వద్దని చెప్పండి మేడమ్ అంది. బస్సొచ్చిందని పెట్టేసింది.

కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు. భాస్కర్ పత్రంతో పోలుస్తుందా అని గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను. తర్వాత టీ పెట్టుకుని, ముందు కరస్పాండెంటుకి ఫోన్ చేసి మా అమ్మాయి రాదని చెప్పాను. ఆ తర్వాత బల్ల ముందు కూర్చుని, ఆయన తప్పు కాగితం మీద సంతకం పెట్టిన చోటునుంచి చివరి అధ్యాయం మళ్ళీ మొదలుపెట్టాను.